యురేనియము గనులు – వాని చరిత్ర, వాని మూల్యము

బమ్మెర పోతనామాత్యుడు తెలిగించిన శ్రీమద్భాగవతమున, చతుర్థ స్కంధమందు, పృథు చక్రవర్తి కథ కలదు. లోకమున కరవు పుట్టి ప్రజలు ఆకటికి అలమటించుచుండగా ఆ రాజు విల్లెక్కుపెట్టి భూమిని వెంటాడెను. భూమి గోరూపము దాల్చి పరుగిడి, తుదకు నిలిచి, రాజుతో నొక మాట చెప్పెను. తనను చంపిన ప్రయోజనము లేదనియు, తనకు వాత్సల్యము పుట్టించు దూడను, తగిన పాత్రను, తగిన పిదుకువానిని సమకూర్చినచో ఎవరికి కావలసినది వారికి పాలుగా నిచ్చెదననియు ఆమె పలికెను. పృథువు మనువును దూడగా జేసి ధాన్యములను పిదికెను. పర్వతములు హిమవంతుని దూడగా జేసికొని, తమ సానువులే పాత్రలుగా, నానావిధ ధాతువులను పిదుకుకొన్నవి.

గనుల ధర్మమంతయు ఈ కథలో నిమిడియున్నది. భూమి ఇచ్చును, కాని ఇచ్చుటకొక నియమము పెట్టినది. దూడ దగ్గర నుండవలెను. దూడకు పాలు మిగులవలెను. ఏ గని చరిత్ర చదివినను అడుగదగిన ప్రశ్న యొక్కటే: పాలెవరికి చేరినవి, దూడ యేమైనది?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములవారికి గని యనునది క్రొత్త మాట కాదు. బయ్యారపు గుట్టలలో ఇనుపరాయి కలదు. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీవారు దానిని త్రవ్వు హక్కు పొందిరి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. ఆ బొగ్గు డోర్నకల్లు కూడలి మీదుగా రైలుబండ్ల నెక్కి దూరదేశములకు పోయెను. తరువాతి కాలమున భూపాలపల్లిలో కాకతీయ గనులు వెలసినవి. ప్రక్కనున్న చెల్పూరులో బొగ్గుతో విద్యుత్తు పుట్టుచున్నది. గనిలోనికి దిగిన మనిషి తిరిగి ఇల్లు చేరువరకు ఇంటివారు వాకిలి చూచుచుండుట యెట్టిదో ఇచ్చటి యనేక కుటుంబములకు అనుభవమే.

అయినను బొగ్గు చేయు కీడు కంటికి కనబడును. మసి కనబడును, కప్పు కూలిన చప్పుడు వినబడును. కంటికి కనబడని, ముక్కునకు వాసన తగులని, ఇరువది ముప్పది ఏండ్లకు గాని ఫలము చూపని కీడు గల ఖనిజమొకటి కలదు. అదియే యురేనియము. 2019లో నల్లమల యడవుల విషయమై దినపత్రికలన్నియు దాని పేరు మరల మరల వ్రాసినవి. ఆ లోహమెక్కడ పుట్టినది, దానిని త్రవ్వినవారు ఏమైరి, తెలుగునేలకు అదెట్లు వచ్చినది యను సంగతులు పల్లెవాసులందరు తెలిసికొనదగినవి.

నల్లరాయి

ఐరోపా ఖండమున బొహీమియా కొండలలో యోఆఖిమ్‌స్టాల్ అను ఊరు కలదు. నేడది చెక్ దేశములో యాఖిమోవ్ అను పేర నున్నది. 1516లో వెండి గనుల నిమిత్తమై ఆ ఊరు వెలసెను. అచ్చటి వెండితో పోసిన నాణెమునకు ఊరిపేరు తుదిభాగమే పేరై 'థాలర్' అని వాడుకయైనది. నేటి 'డాలర్' అను మాట దానినుండి పుట్టినదే. 1527లో గియోర్గియస్ అగ్రికోలా అను పండితుడు ఆ ఊరికి వైద్యుడుగా వచ్చెను. గనుల విద్యపై అతడు లాటిన్ భాషలో వ్రాసిన గ్రంథము, అతడు గతించిన మరుసటి యేట, 1556లో అచ్చుపడెను. కార్పాతియన్ కొండల గనుల దగ్గర, ఒకరి తరువాత ఒకరుగా ఏడుగురు భర్తలను పెండ్లాడి, ఆ యేడుగురిని ధూళి వలన కలుగు క్షయమునకు కోల్పోయిన స్త్రీలు కలరని అతడందు వ్రాసెను. గని కార్మికుల పక్షమున వ్రాయబడిన తొలి పద్దులలో అది యొకటి.

యోఆఖిమ్‌స్టాల్ గనులలో వెండితోపాటు బరువైన నల్లరాయి యొకటి తగులుచుండెను. అది తగిలినచోట వెండి యైపోవునని పనివారు దానిని దిబ్బలపై పారవేయుచుండిరి. 1789లో బెర్లిన్ నగరమందలి మార్టిన్ హైన్‌రిఖ్ క్లాప్‌రోత్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ రాతియందు క్రొత్త మూలపదార్థము కలదని కనుగొనెను. అంతకు ఎనిమిదేండ్లకు ముందు, 1781లో, విలియం హెర్షెల్ కనుగొనిన యురేనస్ గ్రహము పేరును అతడు దానికి పెట్టెను. 1841లో పెలిగో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు శుద్ధలోహమును వేరుచేసెను. అయినను నూరేండ్లకు పైగా దాని యుపయోగము గాజుసామానునకు, పింగాణికి పసుపుపచ్చని రంగు వేయుట మాత్రమే.

1896లో హెన్రీ బెకరెల్ అను ఫ్రెంచి పండితుడు నల్లకాగితమున చుట్టిన ఫోటోపలకపై యురేనియపు లవణమును ఉంచగా, వెలుతురు తగులకయే పలకపై మచ్చ పడుట చూచెను. ఈ లోహము తనంతతానే యేదో కిరణమును వెడలించుచున్నదని తేలెను. 1898లో మేరీ క్యూరీ, పియేర్ క్యూరీ దంపతులు ఆ నల్లరాతియందే పొలోనియము, రేడియము అను రెండు క్రొత్త మూలపదార్థములను గుర్తించిరి. యోఆఖిమ్‌స్టాల్ దిబ్బలనుండి తెప్పించిన మన్నును కాచి, వడపోసి, నాలుగేండ్లు శ్రమించి వారు సంపాదించిన రేడియపు లవణము గ్రాములో పదవవంతు. లోకమంతయు వారిని కొనియాడెను. ఆ కీర్తి తగినదే. కాని మేరీ క్యూరీ 1934లో రక్తహీనత వ్యాధితో మరణించుటకు కారణము ఆ కిరణములే యని వైద్యులు తలచిరి.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి, ఈ కీర్తికథల ప్రక్కన చిన్న అక్షరములతో వ్రాయబడి, మరువబడినది. యోఆఖిమ్‌స్టాల్‌కు సరిహద్దు కావల, సాక్సనీలో ష్నేబెర్గ్ అను గనుల యూరు కలదు. 1879లో హెర్టింగ్, హెస్సే అను ఇద్దరు వైద్యులు అచ్చటి కార్మికుల శవములను పరీక్షించి, వారిలో పెక్కుమంది యూపిరితిత్తులలో పుట్టు వ్రణము వలన మరణించుచున్నారని ప్రకటించిరి. నేడు దానిని ఊపిరితిత్తుల కాన్సరు అందురు. అనగా కిరణముల సంగతి లోకమునకు తెలియుటకు పదునేడేండ్లకు పూర్వమే ఆ గనుల రోగము పుస్తకమున కెక్కినది. తరువాత ఎవరైనను తెలియక చేసితిమని చెప్పుట చెల్లదు.

కనబడని గాలి

ఈ రోగమెట్లు పుట్టునో తెలియనిది తక్కిన కథ బోధపడదు. యురేనియము నిలకడగా నుండు లోహము కాదు. అది మిక్కిలి మెల్లగా క్షీణించును. అందలి ప్రధాన భాగము సగము తరుగుటకు సుమారు 450 కోట్ల ఏండ్లు పట్టును. తరుగుచు తరుగుచు అది థోరియమై, రేడియమై, రేడాన్ అను వాయువై, తుదకు సీసమగును. రాతిలో నున్నంతకాలము రేడాన్ చాలవరకు రాతిలోనే బంధింపబడియుండును. రాతిని పగులగొట్టినంతనే అది బయటపడును. దానికి రంగు లేదు, వాసన లేదు. దాని యాయువు కొలది దినములే. కాని అది చెడి పుట్టిన కణములు ధూళికి అంటి, గాలితోపాటు ఊపిరితిత్తులలో చేరి, అచ్చట కిరణములను విడుచును. గాలి యాడని సొరంగములలో ఏండ్లతరబడి పనిచేసిన వానికి, పని మానిన పిమ్మట ఎప్పుడో పెద్దవయసున, దగ్గు మొదలగును. ఆ దగ్గును గనికి ముడిపెట్టి చూచువారుండరు. గనికి గాలిగొట్టములు చక్కగా నమర్చిన ఈ కీడు చాలవరకు తగ్గును. ఆ గొట్టములకు ఖర్చగును.

రెండవ కీడు గని వెలుపలిది. త్రవ్విన రాతిని మిల్లులో పిండివలె నూరి, రసాయనములతో కరగించి, పసుపుపచ్చని పొడిని వేరుచేయుదురు. మిగిలిన బురదనంతయు పెద్ద చెరువువంటి కట్టలో నింపుదురు. యురేనియమును తీసివేసినను దాని సంతానమైన థోరియము, రేడియము బురదలోనే నిలుచును. తొలి రాతికి గల కిరణశక్తిలో నూటికి సుమారు 85 పాళ్ళు ఆ బురదలోనే యుండును. అందలి థోరియము సగము తరుగుటకు సుమారు 75,000 ఏండ్లు, రేడియము సగము తరుగుటకు 1,600 ఏండ్లు పట్టును. హనుమకొండలో వేయిస్తంభముల గుడి 1163లో కట్టబడినది. దానికింకను తొమ్మిదివందల ఏండ్లు నిండలేదు. ఇంతలో ఎన్ని రాజ్యములు మారినవో చదువరులకు తెలియును. బురదచెరువు కట్టను ఇన్ని తరములపాటు కాపాడు కాపరి యెవ్వడు?

మూడవది నీటి కీడు. యురేనియము కిరణముల మాట యటుండ, సీసమువలె విషము గల బరువులోహము. అది త్రాగునీట కలిసినచో మూత్రపిండములను చెరచును. లీటరు నీటిలో 30 మైక్రోగ్రాములకు మించి యుండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. అంత స్వల్పమైనది నాలుకకు తెలియదు, పరీక్షశాలకే తెలియును.

బాంబు, ఎడారి, వితంతువులు

1938లో జర్మనీలో ఓటో హాన్, స్ట్రాస్‌మన్ అనువారు యురేనియపు పరమాణువు రెండుగా పగులునని కనుగొనిరి. దానితో గాజు రంగుగా నున్న వస్తువు రాజ్యముల చేతి ఆయుధమయ్యెను. ఆఫ్రికాలో నాటి బెల్జియన్ కాంగోలోని షింకొలొబ్వే గనియందు సగమునకు మించి యురేనియము గల రాళ్ళు దొరకుచుండెను. నల్లజాతి కూలీలు వానిని చేతులతో నేరి సంచులకెత్తిరి. 1940లో అట్టి ఖనిజము వేయి టన్నులకు పైగా ఓడలలో న్యూయార్కు చేరెను. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమా నగరముపై పడిన బాంబునకు అధికభాగము ఆ గని ఖనిజమే. బాంబును గూర్చి వేలకొలది గ్రంథములు వెలువడినవి. ఆ సంచులెత్తిన కూలీల పేర్ల పట్టిక మాత్రము ఏ గ్రంథమునను లేదు.

యుద్ధానంతరము అగ్రరాజ్యములు రెండును ఈ ఖనిజము కొరకు పోటీపడినవి. చెకొస్లొవాకియాలో రాజకీయ ఖైదీలను యాఖిమోవ్ గనులలోనికి దింపిరి. అమెరికాలో ఆ భారము నావహో అను ఆదివాసి జాతిపై పడెను. ఆ జాతివారు ఎడారి మెట్టలలో గొర్రెలు మేపుకొని బ్రతుకువారు. వారి భూములనుండి 1944 మొదలు 1986 వరకు సుమారు మూడు కోట్ల టన్నుల ఖనిజము తీయబడెను. దేశసేవ యని, కూలి దొరకునని చెప్పగా పురుషులు గనులలోనికి దిగిరి. గనిలో కారిన నీరే త్రాగిరి. ధూళి నిండిన బట్టలతోనే ఇండ్లకు పోయి బిడ్డల నెత్తుకొనిరి. గనుల దిబ్బరాళ్ళతో ఇండ్లు కట్టుకొనిరి. 1950లో ప్రభుత్వ వైద్యశాఖవారు ఆ కార్మికులను పరీక్షించుట మొదలిడిరి. కాని వారికి కలుగబోవు అపాయమును వారికి చెప్పలేదు. ష్నేబెర్గ్ వైద్యుల వ్రాత అప్పటికి డెబ్బది యేండ్ల పాతది.

పదునైదు ఇరువది యేండ్లలో ఆ పల్లెలు వితంతువుల పల్లెలైనవి. ఆ స్త్రీలు ఒకరి గుమ్మమునుండి ఒకరి గుమ్మమునకు పోయి, ఎవరి భర్త యే గనిలో ఎన్నేండ్లు పనిచేసెనో, ఎప్పుడు మరణించెనో లెక్కపెట్టుకొనిరి. పూర్వము అమెరికా మంత్రిగా నుండిన స్టూవర్ట్ యూడాల్ వారి పక్షమున న్యాయవాదిగా నిలిచెను. కోర్టులలో వారు గెలువలేదు. కాని వారి లెక్కను కాదనలేక 1990లో ఆ దేశపు కాంగ్రెసు పరిహారపు చట్టము చేసి, రోగగ్రస్తులైన గని కార్మికులకు లక్ష డాలర్ల వంతున ఇచ్చుటకు ఒప్పుకొనెను. అప్పటికి పుచ్చుకొనవలసినవారిలో పెక్కుమంది లేరు.

1979 జూలై 16వ తేదీన న్యూమెక్సికోలోని చర్చ్ రాక్ అనుచోట బురదచెరువు కట్ట తెగి, 9 కోట్ల 40 లక్షల గాలన్ల విషజలము ప్యుయెర్కో నదిలో కలిసెను. ఆ నీటనే నావహోల గొర్రెలు త్రాగుచుండెను. గనులు మూతపడిన తరువాత ఐదువందలకు పైగా పాడుగనులు ఆ నేలపై మిగిలినవి. 2005లో నావహో జాతివారు తమ భూములలో యురేనియము త్రవ్వరాదని తామే చట్టము చేసికొనిరి.

జాదుగూడ

స్వతంత్ర భారతము 1948లో అణుశక్తి సంఘము నేర్పరచుకొనెను. 1951లో నాటి బీహారు రాష్ట్రపు సింహభూమి జిల్లాలో, జాదుగూడ యను చోట, యురేనియము కనబడెను. 1967లో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వసంస్థ యేర్పడి అచ్చట గని నడిపినది. నేడది జార్ఖండ్ రాష్ట్రము. అచ్చటివారు సంతాల్, హో మొదలగు జాతుల ఆదివాసులు. వారి పొలములున్న చోట బురదచెరువులు వెలసినవి. అచ్చట తీసిన పసుపుపొడి హైదరాబాదులో 1971లో స్థాపింపబడిన అణు ఇంధన సంస్థకు వచ్చి, అణువిద్యుత్ కేంద్రములకు ఇంధనమగుచుండెను. జాదుగూడకు, తెలుగునేలకు సంబంధము ఆనాటిదే.

బురదచెరువుల ప్రక్క పల్లెలలో అంగవైకల్యముతో శిశువులు పుట్టుచున్నారని, స్త్రీలకు గర్భస్రావములగుచున్నవని అచ్చటి ప్రజలు మొరపెట్టుకొనిరి. 1999లో శ్రీప్రకాశ్ అను దర్శకుడు తీసిన చిత్రము ద్వారా ఆ సంగతి దేశదేశములకు తెలిసెను. 2006 డిసెంబరులో బురదను మోయు గొట్టము పగిలి వాగులో కలిసెను. 2007లో శాంతి కోరు వైద్యుల సంఘమొకటి ఆ పల్లెలలో సర్వే చేసి, దూరపు పల్లెలకన్న అచ్చట పుట్టుకలోపములు హెచ్చుగా నున్నవని ప్రకటించెను. గని సంస్థవారు దీనిని అంగీకరింపలేదు; ఆ రోగములకు కిరణములు కారణము కావని, కొలతలన్నియు హద్దులలోనే యున్నవని వారు వాదించిరి.

ఇరుపక్షముల మాట వినిన మధ్యస్థునికి తోచునది యిది. గని తెరువకముందు ఆ పల్లెలలో ఎందరు శిశువులు ఎట్లు పుట్టిరో, బావినీరెట్టిదో, వ్రాసియుంచిన కాగితము పల్లెవారి చేత లేకపోయెను. తొలి నిలువ వ్రాయని ఖాతాలో ఎంత కూడినను, ఎంత తీసినను, తుది నిలువ తేలదు. నష్టపడినవాడు నష్టమును చూపజాలడు. ఇది చిన్న లోపము వలె కనబడును. కాని జాదుగూడ వివాదమంతయు ఈ లోపముననే చిక్కుకొన్నది.

తెలుగునేలపై

తెలుగునేలపై ఈ ఖనిజము మూడు చోట్ల పేరుపడినది. మూడింటి కథలు మూడు విధములు.

మొదటిది నల్లగొండ జిల్లా, నాగార్జునసాగర్ జలాశయపు సమీపమున నున్న లంబాపూర్, పెద్దగట్టు. లంబాడీల తండాలు గల నేల యది. జనగామ, మహబూబాబాదు ప్రాంతములందలి తండాలవారి వంటివారే వారును. గనిని అచ్చటను, మిల్లును మొదట మల్లాపురమునను, పిమ్మట దేవరకొండ వైపు శేరిపల్లి దగ్గరను పెట్టదలచిరి. 2003 ఆగస్టులో గని విషయమై బహిరంగ విచారణ జరిగెను. 2005లో మిల్లు విషయమై మరియొకటి జరిగెను. కృష్ణాజలము ప్రక్కననే గని, హైదరాబాదు నగరమునకు త్రాగునీరు పోవు అక్కంపల్లి జలాశయమునకు చేరువలో మిల్లు అనగా పల్లెలవారితోపాటు నగరవాసులును, శాస్త్రజ్ఞులును అభ్యంతరము చెప్పిరి. ఆ గని తెరువబడలేదు.

రెండవది కడప జిల్లా పులివెందుల సమీపమున, వేముల మండలములోని తుమ్మలపల్లె. 2006 సెప్టెంబరులో విచారణ జరిగెను. 2007 నవంబరు 20వ తేదీన నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేసిరి. 2012లో పని మొదలయ్యెను. 2011లో అణుశక్తి సంఘపు అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ, అచ్చట 49,000 టన్నుల నిధి నిశ్చయమైనదనియు, అది లక్షన్నర టన్నుల వరకు పెరుగవచ్చుననియు ప్రకటించిరి. నిధి పెద్దదే, కాని రాయి బీదది. షింకొలొబ్వేలో సగమునకు మించి యుండగా, తుమ్మలపల్లె రాతిలో నూటికి సుమారు 0.04 పాళ్ళు మాత్రమే కలదు. లెక్క వేసిన నిట్లు తేలును: టన్ను రాతిలో 400 గ్రాములు. మిల్లు దినమునకు 3,000 టన్నుల రాతిని నూరుటకు కట్టబడినది. ఆ రాతిలో నున్నదంతయు తీసినను దినమునకు పండ్రెండు క్వింటాళ్ళే. మిగిలిన యించుమించు మూడువేల టన్నులు బురదయై నిలుచును. అరువాత మరునాడు మరల మూడువేల టన్నులు.

ఆ బురదచెరువు కొట్టాల యను పల్లె ప్రక్కన నున్నది. అది అరటితోటలకు పేరుపడిన సీమ. 2018 నాటికి చుట్టుప్రక్కల రైతులు తమ బోరునీరు చెడినదని, అరటి యెండిపోవుచున్నదని, దేహమున దద్దురులు పుట్టుచున్నవని చెప్పసాగిరి. చెరువు అడుగున నీరింకకుండ వేయవలసిన పొరలు నియమము ప్రకారము వేయలేదని విశ్రాంత శాస్త్రజ్ఞుడు కె. బాబూరావు అధికారులకు వ్రాసిరి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి గని సంస్థను సంజాయిషీ యడిగెను. నిపుణుల సంఘము నియమింపబడెను. ఆ నేలలో యురేనియము స్వభావసిద్ధముగా కలదు గనుక నీటియందును ఉండుట సహజమని, చెరువు దానికి కారణము కాదని సంస్థవారి వాదము. ఇచ్చటను మరల అదే ప్రశ్న: గని రాకముందు ఆ బావులలో నీరెట్లుండెను?

మూడవది నల్లమల. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘము, అమ్రాబాద్ పులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము వెదకుటకు సూత్రప్రాయముగా అనుమతి నిచ్చెను. నాలుగువేల బోర్లు వేయవలసి యుండెను. తేనె, దుంపలు, అడవి పండ్లతో బ్రతుకు చెంచులకు ఆ యడవి ఇల్లు మాత్రమే కాదు, వంటిల్లు కూడ. చెంచులు, రైతులు, విద్యార్థులు, కవులు ఒక్కకంఠముతో వలదనిరి. 2019 సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ, నల్లమలలో యురేనియము త్రవ్వరాదని యేకగ్రీవముగా తీర్మానించెను. 2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ యడవిలో బోర్లు వేయుదురని తెలియగా అచ్చటి పల్లెలవారును ఇట్లే రోడ్డుపైకి వచ్చిరి. ఆ ప్రయత్నము నిలుపబడెను.

మూడు కథలను ప్రక్కప్రక్కన బెట్టి చూచిన నొక తేడా స్పష్టమగును. గని తెరువకముందే సంగతి తెలిసికొనినవారు మాట చెల్లించుకొనగలిగిరి. గని తెరచిన పిమ్మట తెలిసికొనినవారు నేటికిని కాగితములు పట్టుకొని తిరుగుచున్నారు.

జమాఖర్చు

ఈ విషయమున రెండవ పక్షపు మాటను కూడ న్యాయముగా చెప్పవలెను. దేశమునకు విద్యుత్తు కావలెను. దీపము వలదనువాడెవ్వడును లేడు. ఈ పుస్తకమును రాత్రివేళ చదువువారును దీపము క్రిందనే చదువుదురు. బొగ్గును కాల్చిన పొగ ఆకాశమును చెరచుచున్నది. అణువిద్యుత్తునకు ఆ దోషము లేదు. ఇతర దేశముల దయపై ఆధారపడకుండ స్వదేశపు ఖనిజము వాడుకొనుట మంచిదే. ఈ వాదములను తేలికగా త్రోసివేయరాదు. అయితే భారతదేశపు విద్యుత్తులో అణుశక్తి వంతు నూటికి సుమారు మూడు పాళ్ళు మాత్రమే యని కూడ గుర్తుంచుకొనవలెను.

లోపము వాదములో లేదు, ఖాతాలో నున్నది. యోఆఖిమ్‌స్టాల్ మొదలు తుమ్మలపల్లె వరకు జమ యొక పుస్తకమున, ఖర్చు వేరొక పుస్తకమున వ్రాయబడినవి. జమ పుస్తకము రాజధానిలో నున్నది: ఇన్ని టన్నులు, ఇంత విద్యుత్తు, ఇంత కీర్తి. ఖర్చు పుస్తకము పల్లెలో నున్నది: ఇన్ని దగ్గులు, ఇన్ని బావులు, ఇందరు వితంతువులు. రెండు పుస్తకములను ఒకచోట పరచి కూడికలు సరిచూచినవాడు లేడు. పైగా 1962 నాటి అణుశక్తి చట్టము ఇట్టి సమాచారమును గోప్యముగా నుంచు అధికారమును ప్రభుత్వమున కిచ్చెను. రహస్యము శత్రువునకు తెలియరాదనుట సబబే. కాని బావినీరు శత్రువు త్రాగడు, ఊరివారే త్రాగుదురు.

2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము, పెద్దగని పెట్టకముందు ముప్పది దినములు తగ్గకుండ నోటీసిచ్చి బహిరంగ విచారణ జరుపవలెను. నివేదిక సారాంశమును స్థానిక భాషలో ప్రజలకందజేయవలెను. లంబాపూరు ప్రజలకు నోరిచ్చినది అట్టి విచారణయే. కాని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ, అణుఖనిజముల గనులను ఈ ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయించెను. ప్రభుత్వమువారు వచ్చి అడుగుదురు, అప్పుడు చెప్పుదమని కూర్చుండు వీలు ఇక లేదు. కనుక పల్లె తన లెక్కను తానే ముందుగా వ్రాసి యుంచుకొనవలెను.

పహాణీలో బావి యే సర్వే నంబరులో నున్నదో వ్రాయబడును. ఆ బావిలో నీరెట్టిదో వ్రాయబడదు. జనన మరణముల చిట్టాలో మరణించిన దినము వ్రాయబడును. బ్రతికియున్నపుడు ఏ గనిలో ఎన్నేండ్లు పనిచేసెనో వ్రాయబడదు. ఈ రెండు ఖాళీలను నింపుట పల్లెవారికి అసాధ్యము కాదు. ఊరి బావులు, బోర్లు, చెరువుల నీటిని ఏటికొకసారి పరీక్షింపించి ఆ కాగితములను వరుసగా భద్రపరుపవచ్చును. గనిపనికి పోయినవారి పేర్లు, సంవత్సరములు, వారికి వచ్చిన జబ్బులు ఒక పుస్తకమున వ్రాయవచ్చును. ఇది యురేనియమునకు మాత్రమే పనికివచ్చు విధానము కాదు. భూపాలపల్లి బొగ్గుగనుల దరి పల్లెలకు, బయ్యారపు ఇనుపరాతి సీమకు, కంకర మిల్లుల ధూళి మీదపడు ఊళ్ళకు సమానముగా పనికివచ్చును. నావహో వితంతువులు భర్తలు పోయిన పిమ్మట ఆ లెక్క వ్రాసిరి. పోకముందు వ్రాయుట తెలివి.

ఆ కాగితములుంచుటకు తగిన చోటు గ్రామ గ్రంథాలయము. కచేరీలో కాగితము అధికారితోపాటు బదిలీ యగును; ఇంటిలో కాగితము చెదల పాలగును. గ్రంథాలయము ఏ యొక్కరిదియు కాదు గనుక అందరిదియు నగును. ఇరువదియైదేండ్లుగా కథలను, కావ్యములను, పత్రికలను భద్రపరచిన బీరువాలలో ఒక అర ఊరి నీటికి, ఊరి గాలికి, ఊరి మనుష్యుల యారోగ్యమునకు కేటాయించినచో, రాబోవు తరమువారికి తొలి నిలువ చేతిలో నుండును. అప్పుడు ఏ గని వచ్చినను, ఏ సంస్థ వచ్చినను, భూమిని పిదుకబోవు వారితో దూడ పక్షమున మాటలాడుటకు ఊరివారికొక ఆధార ముండును.